ఆస్పత్రికి విలేఖరి వస్తే: రోగి గోప్యత, మన హక్కులు

మన ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నప్పుడు విలేఖరులు వచ్చి అడిగితే ఆస్పత్రి వారు ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు, మనం ఏం చేయవచ్చు అన్న విషయాలను ఈ వ్యాసంలో ఒకచోట చేర్చాను. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఆస్పత్రిలో సంతకం పెట్టే కాగితం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ భాష మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. ఇంకో వైపు, ఎవరైనా ఫోన్లో తెలుగులో పలకరిస్తే మనవాళ్ళే కదా అని మనసు విప్పి అన్నీ చెప్పేస్తాం. అలా చెప్పింది సాయంత్రానికి టీవీలో వస్తుంది.

ఒకసారి చదివి కాగితం దాచుకోండి. అవసరం వచ్చిన రోజున వెతుక్కునే తీరిక ఉండదు.

ఆస్పత్రి తరఫున ఎవరు మాట్లాడాలి

ప్రభుత్వ ఆస్పత్రిలో పత్రికలతో మాట్లాడే అధికారం సూపరింటెండెంటుకో, ఆయన నియమించిన అధికారికో ఉంటుంది. పెద్ద ప్రమాదాల్లో జిల్లా కలెక్టరు కార్యాలయమో, ఆరోగ్య శాఖో మాట్లాడుతుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో పీఆర్వోలు గానీ మెడికల్ డైరెక్టరు గానీ మాట్లాడతారు. వార్డు డాక్టరు, నర్సు, ఎక్స్‌రే టెక్నీషియన్, అంబులెన్స్ డ్రైవరు, రికార్డు రూములో గుమాస్తా, గేటు దగ్గర సెక్యూరిటీ, వీరిలో ఎవరికీ రోగి సంగతులు బయట చెప్పే అధికారం లేదు. ప్రభుత్వ ఉద్యోగులకైతే ప్రవర్తనా నియమావళిలోనే, అనుమతి లేకుండా కార్యాలయ సమాచారం బయటికి ఇవ్వకూడదని ఉంటుంది. గుమాస్తాగా పని చేసిన వాడిగా చెబుతున్నాను, ఫైలు మన చేతి మీదుగా వెళ్ళినంత మాత్రాన ఫైల్లో ఉన్నది మన సొత్తు కాదు.

సరిగ్గా నడిచే ఆస్పత్రిలో పద్ధతి ఇలా ఉంటుంది. విలేఖరి ఫోన్ చేస్తే ఆ ఫోనును పీఆర్వోకు కలుపుతారు. ఆయన విలేఖరి పేరు, పత్రిక, అడిగిన ప్రశ్న రాసుకుంటారు. చికిత్స చేస్తున్న డాక్టరును అడుగుతారు. రోగి స్పృహలో ఉంటే రోగిని, లేకపోతే దగ్గరి బంధువును అడిగి, వారు ఒప్పుకున్నంత వరకే చెబుతారు. విలేఖరి కెమెరాతో వస్తే బయటి ప్రాంగణంలోనో, సమావేశపు గదిలోనో కూర్చోబెడతారు. ఐసీయూలోకి, ప్రసూతి వార్డులోకి, కాలిన గాయాల వార్డులోకి కెమెరాను రానివ్వరు. గోప్యత ఒక్కటే కాదు, ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఉంది.

ఈ పద్ధతి తప్పితే ఏమవుతుందో 2019 జూన్‌లో బీహారులోని ముజఫర్‌పూర్‌లో దేశమంతా చూసింది. మెదడువాపుతో పిల్లలు చనిపోతుంటే టీవీ బృందాలు మైకులతో వార్డుల్లోకి వెళ్ళి, చికిత్స చేస్తున్న డాక్టర్లనూ నర్సులనూ నిలదీశాయి. ఆ పిల్లల ముఖాలు, తల్లుల ఏడుపులు రోజుల తరబడి తెరల మీద తిరిగాయి.

చెప్పగలిగేది, చెప్పకూడనిది

రోగి ఎవరో తెలియకుండా ఇచ్చే లెక్కలు చెప్పవచ్చు. ప్రమాదంలో ఎంతమందిని తెచ్చారు, ఎంతమందిని ఇంటికి పంపారు, ఎంతమంది చనిపోయారు, ఎన్ని పడకలున్నాయి, మందులు ఉన్నాయా లేవా, ఇవన్నీ ప్రజలకు తెలియాల్సినవే. రోగి గానీ కుటుంబం గానీ ఒప్పుకుంటే "పరిస్థితి నిలకడగా ఉంది", "విషమంగా ఉంది", "పరిశీలనలో ఉంచాం" వంటి ఒక్క మాట చెప్పవచ్చు.

జబ్బు పేరు, పరీక్షల ఫలితాలు, గర్భం సంగతి, తాగుడు అలవాటు, మానసిక చికిత్స, ఆత్మహత్యా ప్రయత్నం, కుటుంబ గొడవలు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ కార్డు, కేస్ షీటు ఫోటో, బిల్లు ఫోటో, స్కానింగ్ ఫిల్ము, ఇవేవీ అనుమతి లేకుండా ఇవ్వకూడదు. పేరు రాయకపోయినా, "ఫలానా వీధిలో కిరాణా కొట్టు నడిపే ఆయన పెద్ద కోడలు" అని రాస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. అది కూడా పేరు చెప్పినట్టే లెక్క.

ఏ చట్టం ఏం చెబుతోంది

మన దేశంలో ఆస్పత్రి గోప్యత అంతటికీ కలిపి ఒకే చట్టం లేదు. వేర్వేరు చోట్ల ఉన్న నిబంధనలను కలిపి చూసుకోవాలి.

వైద్యుల వృత్తి నియమావళి, 2002: వృత్తిలో తెలుసుకున్న రోగి రహస్యాలను డాక్టరు బయటపెట్టకూడదు. దీనికి మూడే మినహాయింపులు: న్యాయమూర్తి ఆదేశం మేరకు కోర్టులో చెప్పడం, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు కచ్చితంగా ఉన్నప్పుడు చెప్పడం, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధుల గురించి తెలపడం. ఈ మూడింటిలోనూ పత్రికల ప్రస్తావన లేదు. రోగిని గుర్తుపట్టేలా ఫోటోలు గానీ కేసు వివరాలు గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదని కూడా ఇందులో ఉంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చినా అదే నెలలో నిలిపివేశారు. అందువల్ల 2002 నాటివే నడుస్తున్నాయి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017: పత్రికల పేరు నేరుగా ఎత్తిన చట్టం ఇది. మానసిక చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటో గానీ మరే సమాచారం గానీ ఆ వ్యక్తి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షను చెబుతోంది. కంప్యూటరులో ఉన్న సమాచారానికీ ఇది వర్తిస్తుంది.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017: 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి లిఖితపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం వంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు.

లైంగిక దాడి కేసులు: బాధితురాలి పేరు గానీ, గుర్తుపట్టే ఏ వివరం గానీ ముద్రించినా ప్రచారం చేసినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇదే 228ఏ. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి వైద్యురాలి కేసులో ఆమె పేరు, ఫోటోలు సోషల్ మీడియా నుంచి తీసేయమని అదే కోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

పిల్లలు: పోక్సో చట్టం 23వ సెక్షను ప్రకారం పిల్లల పేరు, ఫోటో, చిరునామా, బడి, కుటుంబం, చుట్టుపక్కల వివరాలు ఏవీ మీడియాలో రాకూడదు. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షనులోనూ ఇటువంటి నిషేధమే ఉంది.

గర్భస్రావం: చట్టప్రకారం గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు డాక్టరు బయటపెట్టకూడదని 2021 సవరణ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ.

వీటన్నిటికీ పైన రాజ్యాంగం ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన వారు. అంతకు ముందే 1994లో తమిళనాడు నుంచి వెళ్ళిన ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, అంటే రాజగోపాల్ కేసులో, ఒక మనిషి కుటుంబం, పెళ్ళి, సంతానం వంటి సొంత విషయాల్ని అనుమతి లేకుండా ప్రచురించరాదని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నదాన్ని, ప్రభుత్వ అధికారి విధి నిర్వహణకు సంబంధించినదాన్ని రాసే స్వేచ్ఛ మాత్రం పత్రికలకు ఉందని కూడా ఆ తీర్పే చెప్పింది.

పోలీసు దారి

ఆస్పత్రి నోరు విప్పకపోయినా వార్త ఎలా వచ్చిందని చాలామంది అడుగుతుంటారు. రోడ్డు ప్రమాదం, కాలిన గాయాలు, విషం, దాడి, ఇటువంటివి ఎంఎల్‌సీ కేసులు. వీటిని ఆస్పత్రి పోలీసులకు తప్పనిసరిగా తెలపాలి. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో క్యాజువాలిటీ పక్కనే పోలీసు అవుట్‌పోస్టు ఉంటుంది. విలేఖరి రోజూ ఉదయం అక్కడికి వచ్చి రిజిస్టరు చూసి పోతాడు. వార్త ఎక్కువగా బయటికి వచ్చే దారి అదే.

మా ఊళ్ళో ఒక మగ్గం కుటుంబంలో పదవ తరగతి పిల్లవాడు పురుగుల మందు తాగాడు. ప్రాణం దక్కింది. ఆస్పత్రి నుంచి ఒక్క మాట బయటికి రాలేదు. కానీ మర్నాడు స్థానిక పత్రికలో తండ్రి పేరు, వీధి పేరు, తాగిన మందు పేరు, పరీక్ష తప్పాడన్న కారణం, అన్నీ వచ్చాయి. పిల్లవాడు మళ్ళీ ఆ బడికి వెళ్ళలేదు. అక్కకు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. విషం కన్నా వార్తే ఎక్కువ దెబ్బ కొట్టిందని ఆ తల్లి మా సంఘం ఆఫీసులో కూర్చుని అంది. ఆత్మహత్యల గురించి రాసేటప్పుడు పాటించాల్సిన నియమాలను ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులోనే ఇచ్చింది. ఏ పద్ధతిలో ప్రయత్నించారో వర్ణించకూడదు, పెద్ద శీర్షికలు పెట్టకూడదు, ఫోటోలు వేయకూడదు. ఆ నియమాలు మనకు తెలిస్తేనే అడగగలం.

అందుకని ఎంఎల్‌సీ కేసు అయితే ఆస్పత్రికే కాక, స్టేషను అధికారికి కూడా పేరు పత్రికలకు ఇవ్వవద్దని కాగితం పెట్టండి.

ప్రముఖుల బులెటిన్లు

ప్రముఖుల విషయంలో ఆస్పత్రి బులెటిన్ విడుదల చేస్తుంది. బులెటిన్ మీద తేదీ, సమయం, బాధ్యత గల డాక్టరు సంతకం ఉంటాయి. నాలుగైదు వాక్యాలు మించదు. కుటుంబానికి చూపించాకే బయటికి పంపడం మంచి పద్ధతి.

మనందరికీ గుర్తున్నది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి. 2020 ఆగస్టు 5న కరోనాతో చెన్నైలోని ఆస్పత్రిలో చేరినప్పుడు, లక్షణాలు స్వల్పమేనని ఆయనే వీడియోలో చెప్పారు. తర్వాత ఐసీయూకు మార్చారు. ఒక వైపు ఆస్పత్రి సంతకంతో బులెటిన్లు, మరో వైపు కుమారుడు చరణ్ గారి వీడియోలు వచ్చాయి. మధ్యలో నెగెటివ్ వచ్చిందని వార్తలు పాకితే అది వదంతి అని చరణ్ గారే ఖండించారు. సెప్టెంబరు 25న బాలు గారు వెళ్ళిపోయారు. ఎవరు మాట్లాడాలో ముందే తేలితే వదంతికి అడ్డుకట్ట పడుతుందని అప్పుడు తెలిసింది.

జయలలిత గారి విషయం వేరుగా నడిచింది. 2016 సెప్టెంబరు 22న చేరినప్పుడు జ్వరం, డీహైడ్రేషన్ అని తొలి ప్రకటన. డిసెంబరు 5న మరణం వరకు 75 రోజుల్లో బులెటిన్లు వచ్చాయి గానీ ఒక్క ఫోటో రాలేదు. వివరాలు బయటపెట్టించాలని వేసిన పిటిషనును మద్రాసు హైకోర్టు కొట్టేసింది. వదంతులు మాత్రం ఆగలేదు. చివరకు 2017లో ఆర్ముగస్వామి కమిషన్ వేయాల్సి వచ్చింది. దాని నివేదిక 2022లో గానీ రాలేదు. రాష్ట్రాన్ని నడిపే మనిషి ఆరోగ్యం కొంతవరకు ప్రజల విషయం కూడా. ఆ కొంత ఎంత అన్నది ఇప్పటికీ తేలలేదు.

మనబోటి వాళ్ళకు బులెటిన్లు ఉండవు. కానీ ఒక్క పాఠం మనకూ వర్తిస్తుంది. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్ళు "వారిని అడగండి" అని ఊరుకోవాలి.

పెద్ద ప్రమాదాల్లో

గోప్యత కొంత సడలించక తప్పని సమయం ఒకటి ఉంది. 2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైనప్పుడు 290 మందికి పైగా చనిపోయారు. విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై పోయే బండి కాబట్టి ఎన్నో తెలుగు ఇళ్ళలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. మృతదేహాలను గుర్తించడం కోసం ఒడిశా ప్రభుత్వం వెబ్‌సైటులో ఫోటోలు, ఆస్పత్రుల్లో ఉన్నవారి జాబితాలు పెట్టింది. ఆ ఫోటోలు కలచివేసేలా ఉంటాయి, పిల్లలు చూడవద్దు అని హెచ్చరించింది. స్పెషల్ రిలీఫ్ కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా మీడియా గానీ మరెవరు గానీ వాటిని వాడకూడదని కూడా అక్కడే రాసింది. గుర్తుపట్టని వారి కోసం భువనేశ్వర్ ఎయిమ్స్‌లో డీఎన్‌ఏ నమూనాలు సేకరించారు.

ఇది గుర్తుంచుకోదగ్గ పద్ధతి. వెతుక్కునే కుటుంబానికి సమాచారం అందాలి. అదే సమాచారం వినోదం కాకూడదు. ఇటువంటప్పుడు ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేయండి. ఆస్పత్రి ఫోటోలను వాట్సాప్‌లో పంచకండి.

గోప్యత పేరుతో దాచడం

గోప్యత రోగిది. ఆస్పత్రిది కాదు. తన లోపం దాచుకోవడానికి ఆస్పత్రి ఆ మాట వాడుకోకూడదు. 2021 మే నెలలో కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లా ఆస్పత్రిలో 24 మంది చనిపోయినప్పుడు ఆక్సిజన్ కొరత సంగతి పత్రికలు పట్టి అడిగాయి. హైకోర్టు విచారణ కమిటీ వేసింది. విలేఖరి ఎప్పుడూ శత్రువు కాదు. ఒక్కోసారి ఆయన తప్ప మనకు దిక్కుండదు.

కాబట్టి మీకు అన్యాయం జరిగిందనుకుంటే మీ కథ మీరు చెప్పుకోవచ్చు. ఆస్పత్రి ఆపలేదు. చెప్పే ముందు మూడు చూసుకోండి. రోగి స్పృహలో ఉంటే రోగిని అడగండి, కొడుకైనా భర్తయినా రోగి బదులు ఒప్పుకోకూడదు. పక్క మంచం మీది వారు ఫోటోలో పడకూడదు. మాటలతో పాటు కాగితాలు ఉండాలి.

ఆ కాగితాలు మీ హక్కు. రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ కేసు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. లోపలి రోగుల రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. "గోప్యం, ఇవ్వం" అని రోగికే చెబితే అది నియమ విరుద్ధం.

మన సంఘాలు, మన గ్రూపులు

ఇతరుల్ని అనే ముందు మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. వైద్య సహాయానికి చందాలు అడిగేటప్పుడు సంఘాల గ్రూపుల్లో రోగి ముఖం, ట్యూబులు, రిపోర్టు, ఇంటి పేరు, బ్యాంకు ఖాతా అన్నీ కలిపి పెడుతున్నారు. అక్కడి నుంచే విలేఖరి తీసుకుంటాడు. ఆడపిల్ల జబ్బు సంగతి అలా పాకితే పదేళ్ళ తర్వాత కూడా పోదు.

ఈ పద్ధతి పాటించవచ్చు. విజ్ఞప్తిలో వయసు, ఊరు, కావలసిన మొత్తం, ఆస్పత్రి పేరు చాలు. రిపోర్టులను కార్యవర్గంలో ఇద్దరు చూసి "పత్రాలు సరిచూశాం" అని రాయాలి. ఫోటో వేయాలంటే రోగి సంతకం తీసుకోవాలి. పని పూర్తయ్యాక పోస్టు తీసేయాలి.

ఆస్పత్రిలో కన్సెంట్ ఫారం ఇచ్చినప్పుడు చదివి వినిపించమని అడగండి. శస్త్రచికిత్సకు ఇచ్చే సమ్మతి వేరు, ఫోటోలకు, ప్రచారానికి ఇచ్చే సమ్మతి వేరు. రెండూ ఒకే కాగితంలో ఉంటే రెండోదాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టవచ్చు. దానివల్ల చికిత్స ఆగకూడదు.

కాగితం ఇలా రాయండి

"మెడికల్ సూపరింటెండెంటు గారికి. ఫలానా వార్డులో ఫలానా ఐపీ నంబరుతో చికిత్స పొందుతున్న రోగిని నేను / రోగికి నేను ఫలానా బంధువును. రోగి పేరు, ఫోటో, జబ్బు, చికిత్స వివరాలు మా లిఖితపూర్వక అనుమతి లేకుండా పత్రికలకు గానీ టీవీలకు గానీ మరెవరికి గానీ ఇవ్వవద్దని కోరుతున్నాను. ఎవరైనా అడిగితే ఈ నంబరుకు పంపగలరు. తేదీ, సంతకం."

రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు కాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ప్రభుత్వ అధికారులకు అర్జీని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో పెట్టుకునే హక్కు ఉంది. అయినా అత్యవసరంలో రాష్ట్ర భాషలోనో ఇంగ్లీషులోనో రాయిస్తే పని త్వరగా అవుతుంది. తెలుగు ప్రతిని జత చేయండి.

ఫిర్యాదు ఎక్కడ

డాక్టరు మీదైతే ఆ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు. ఆస్పత్రి మీదైతే ముందు సూపరింటెండెంటుకు, తర్వాత జిల్లా ఆరోగ్యాధికారికి. కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన జిల్లా ఫిర్యాదుల సంస్థ ఉంది. యానాం వారు పుదుచ్చేరి ఆరోగ్య శాఖ డైరెక్టరుకు రాయాలి.

పత్రిక మీదైతే ముందు సంపాదకునికి ఉత్తరం రాయాలి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు. దినపత్రిక, వారపత్రిక అయితే ప్రచురించిన రెండు నెలల్లోపు, మిగతావి అయితే నాలుగు నెలల్లోపు. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. టీవీ మీదైతే ముందు చానెల్‌కే రాయాలి, 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తృప్తి లేకపోతే ఆ చానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు. లైంగిక దాడి, పిల్లల వివరాలు బయటపడితే నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్ళాలి, అది నేరం.

పత్రిక కటింగు, టీవీ క్లిప్పు, తేదీ, సమయం, ఇచ్చిన అర్జీ నకలు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. అర్జీ రాయడం రానివారు తమ ఊరి తెలుగు సంఘం ఆఫీసుకు వెళ్ళండి. రాసిపెట్టే మనిషి ప్రతి సంఘంలోనూ ఒకరు ఉంటారు. రాసిచ్చే సంఘం వారు కూడా ఆ ఇంటి సంగతి ఆ కాగితం దాటి పోనివ్వకూడదు.